సూపరింటెండెంటమ్మ



మన తెలుగు నోటికి ఒక అలవాటుంది. చదువుకున్న ఆడమనిషి ఊళ్లోకి ఉద్యోగానికి వస్తే ఆ ఉద్యోగం పేరు చివర ఒక ‘అమ్మ’ను తగిలిస్తాం. టీచరమ్మ, నర్సమ్మ, డాక్టరమ్మ. జిల్లాకు ఆడ కలెక్టరు వస్తే కలెక్టరమ్మ అని కూడా అలవోకగా అనేస్తాం. నేను ముప్పై మూడేళ్లు నెల్లూరు తీరాన సర్కారు డాక్టరుగా చేశాను. మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా ఉన్న పల్లెల్లో డాక్టరమ్మా అని పిలిపించుకున్నాను. ఇప్పటికీ బస్సులో చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఆవిడెవరైనా అలా పిలిస్తే నన్నేనేమోనని తల తిప్పేస్తాను. కానీ ఇన్నేళ్లలో ఒక్క పిలుపు మాత్రం నా చెవిన పడలేదు. సూపరింటెండెంటమ్మ.

నోరు తిరగక కాదు. సూపరింటెండెంటు అనే అంత పొడుగు మాటను పలికిన వాళ్లకు చివర ఇంకొక్క ‘అమ్మ’ బరువవుతుందా? ఆ పిలుపుతో వాళ్లకు పనిపడలేదు, అంతే. నేను ఆ కుర్చీలో పద్నాలుగు నెలలు కూర్చున్నాను. అప్పుడూ నన్ను డాక్టరమ్మనే అన్నారు. నాకు ముందున్నాయన్నీ, నా తర్వాత వచ్చినాయన్నీ సూపరింటెండెంటు గారన్నారు.

ఆడపిల్లలు డాక్టరు చదువులకు ఎలా రావాలి అన్నది ఈ రోజు నా మాట కాదు. వాళ్లు వచ్చేశారు. 1976లో గుంటూరు వైద్య కళాశాలలో నేను చేరినప్పుడు మా తరగతిలో ఆడపిల్లలు ముందు రెండు బెంచీలకు సరిపోయేవాళ్లు. ఇప్పుడు ఏ మెడికల్ కాలేజీ గేటు దగ్గర నిలబడి చూసినా సగానికి సగం వాళ్లే. ఆసుపత్రిని నడిపే కుర్చీలోకీ అప్పుడప్పుడు వస్తున్నారు. వచ్చినవాళ్లు అక్కడ ఎందుకు నిలవడం లేదు అన్నదే నేను అడుగుతున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక లెక్క చెప్పింది. లోకమంతటా ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్లలో నూటికి 70 మంది ఆడవాళ్లు. పెద్ద పదవుల్లో మాత్రం ఆడవాళ్లు నూటికి 25 మందే. మన ఏరియా ఆసుపత్రికి ఉదయం తొమ్మిదింటికి వెళ్లి వరండాలో కాసేపు నిలబడితే ఇది ఏ కాగితం లేకుండానే కనిపిస్తుంది. బీపీ చూసేది, సూది వేసేది, కాన్పు చేసేది, పుట్టిన బిడ్డను తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టేది, వార్డు కడిగేది ఆడవాళ్లు. ఫైలు మీద ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టేది మాత్రం లోపలి గదిలో ఉన్నాయన.

మన తీరానికి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. చేపలు పట్టే పట్టపు వాళ్ల పల్లెల్లో మగవాళ్లు వేటకు పోతే, ఒడ్డుకు వచ్చిన చేపకు ధర కట్టేది, బేరమాడేది, గంప నెత్తిన పెట్టుకుని నెల్లూరుకో కావలికో పోయి రొక్కం తెచ్చేది ఆడవాళ్లు. ఇంట్లో ఎంత ఉందో, ఎవరికెంత బాకీ ఉందో వాళ్లకే తెలుసు. ఊళ్లో తగాదా వచ్చి పంచాయితీ పెడితే మాత్రం కూర్చునేది మగవాళ్లు. లెక్క తెలిసినామె పక్కన నిలబడి వింటుంది. మా ఆసుపత్రులు కూడా అలాంటి పల్లెలేనని నాకు చాలాసార్లు అనిపించింది.

అలాగని ఈ నేలకు ఆడవాళ్ల నాయకత్వం తెలియదనకండి. 1992లో మన జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లకు ముందు నడిచిన రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. ఆ మంట జిల్లాలు దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ప్రభుత్వం మెడలు వంచిన జిల్లా ఇది. అయినా ఆ ఉద్యమం ముగిశాక ఆ ఆడవాళ్లకు ఏ కుర్చీ మిగిలింది? ఉద్యమం నడపడం ఒకటి, ఉద్యమం అయ్యాక కూడా కూర్చుని ఉండటం ఒకటి.

ఇక పాత సంగతులకు వస్తాను. మీలో కొందరికి వింతగా తోచొచ్చుగానీ, వందేళ్ల కిందట ఈ తీరంలో ఆసుపత్రిని ఆడమనిషి నడపడం ఇప్పటికంటే మామూలు విషయం. నెల్లూరుకు 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు వచ్చారు. తర్వాతి కాలంలో వాళ్లు ఇక్కడ స్త్రీలకు ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి పెట్టి ఆడ డాక్టర్ల చేతుల్లో ఉంచారు. గుంటూరు సంగతి ఇంకా బాగా తెలుసు. నేను చదువుకునే రోజుల్లో కుగ్లర్ ఆసుపత్రి ముందు నుంచే సినిమాకు పోయేవాళ్లం.

అన్నా శారా కుగ్లర్ అమెరికాలోని పెన్సిల్వేనియా నుంచి 1883లో గుంటూరు వచ్చారు. చదివింది వైద్యం. కానీ లూథరన్ మిషన్ ఆమెను పంపింది టీచరుగా! ఆడ డాక్టరును డాక్టరుగా పంపడానికి మిషన్ పెద్దలకు అప్పటికింకా మనసొప్పలేదు. ఆమె బడిలో పాఠాలు చెబుతూనే మందులిచ్చారు. రెండేళ్లకు మిషన్ వాళ్లు దారికొచ్చి ఆమె డాక్టరేనని ఒప్పుకున్నారు. 1898 నాటికి ఆసుపత్రి లేచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఆసుపత్రి కట్టడం కాదు. 1895లోనే మేరీ బేర్ అనే మరో డాక్టరును పక్కకు తెచ్చుకున్నారు. పెద్దావిడ సెలవు మీద సొంత దేశం పోయినా ఆసుపత్రి తాళంచెవి ఇంకో ఆడడాక్టరు చేతిలోనే ఉండేది. ఈ తాళంచెవి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇంతకీ ఆ రోజుల్లో ఆడవాళ్ల చేతికి ఆసుపత్రులు ఎందుకిచ్చారు? న్యాయం తోచి కాదు. ఘోషా వల్ల, అంటే పరదా పద్ధతి వల్ల. పెద్దింటి ఆడవాళ్లను మగ డాక్టరు ముట్టుకోకూడదు. ముట్టుకోనివ్వకపోతే కాన్పుల్లో చచ్చిపోతున్నారు. అందుకని మద్రాసు మెడికల్ కాలేజీ 1875లో నలుగురు ఆడవాళ్లను చేర్చుకుంది. ఆ నలుగురిలో ఒకరైన మేరీ షార్లీబ్ తర్వాత మద్రాసులో ఘోషా ఆసుపత్రికి పునాది వేశారు. విశాఖలో ఇప్పటికీ జనం నోట ఘోషాసుపత్రి అన్న పేరే ఉంది. రోగులు పరదాలో ఉన్నారు కనుక డాక్టరు ఆడమనిషి, డాక్టరు ఆడమనిషి కనుక పెత్తనమూ ఆడమనిషిదే. పరదా పోయింది, మంచిదే. మగ డాక్టరు కాన్పుల వార్డులోకి వచ్చాడు, అదీ తప్పేమీ కాదు. ఆ రాకపోకల్లో పెత్తనం కూడా చేతులు మారింది. అది ఎప్పుడు మారిందో ఎవరూ గమనించలేదు.

ఆ కాలపు మనిషే హిల్డా లాజరస్. 1890లో విశాఖపట్నంలో పుట్టారు. మన తెలుగు పిల్లలకు ఈ పేరు పాఠాల్లో ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మద్రాసులో వైద్యం చదివి, ఇంగ్లండు పోయి పై పరీక్షలు ప్యాసై వచ్చారు. 1914లో ప్రభుత్వ సాయంతో ఆడ డాక్టర్లకని విమెన్స్ మెడికల్ సర్వీస్ పెట్టారు. దాన్లో ఉన్నది ఎక్కువగా తెల్లదొరసానులు. 1917లో ఆ సర్వీసులో చేరిన మొదటి భారతీయురాలు మన విశాఖ అమ్మాయి. ముప్పై ఏళ్లు దేశం ఆ మూల నుంచి ఈ మూలకు బదిలీల మీద తిరిగారు. ఎక్కడికి పోతే అక్కడి భాష నేర్చుకున్నారు, ఎక్కడికక్కడ నర్సులకు, మంత్రసానులకు చదువు చెప్పారు. దిల్లీలో లేడీ హార్డింజ్ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ తర్వాత ఆ సర్వీసు మొత్తానికే పెద్ద అయ్యారు.

1947లో ఆమె సర్కారు కొలువు ముగించుకునేసరికి వెల్లూరు నుంచి పిలుపొచ్చింది. ఐడా స్కడర్ 1918లో ఆడపిల్లల కోసమే మొదలుపెట్టిన వైద్య పాఠశాల అది. దాన్ని ఎం.బి.బి.ఎస్. కళాశాలగా నిలబెట్టాలి, మగపిల్లలను చేర్చుకోవాలి, డబ్బు చూడాలి, దొరలు వెళ్లిపోతున్న దేశంలో దొరల సంస్థను మనది చేయాలి. ఇంత పని యాభై ఏడేళ్ల లాజరస్ నెత్తిన పెట్టారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి మొదటి భారతీయ డైరెక్టరుగా 1954 దాకా ఆమె నిలిచారు. 1961లో పద్మశ్రీ ఇచ్చారు. నెల్లూరు జిల్లాలో తలనొప్పి ముదిరితే వెల్లూరు పోదాం అనని ఇల్లుందా? ఆ మాట వెనుక విశాఖ ఆడపడుచు ఏడేళ్ల కష్టం ఉంది.

లాజరస్ పనిచేసిన విమెన్స్ మెడికల్ సర్వీసును స్వాతంత్ర్యం వచ్చిన కొన్నాళ్లకే ఎత్తేశారు. ఆడవాళ్లకు వేరే సర్వీసు ఎందుకు, అందరూ సమానమే కదా అన్నారు. వినడానికి బాగుంది. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఆడవాళ్లే ఎక్కే నిచ్చెన ఒక్కటి ఉండింది, దాన్ని తీసి గోడకు ఆనించి, అందరూ ఎక్కొచ్చు అన్నారు. నిచ్చెన పట్టుకునేవాళ్లు ఎవరన్నది మరిచిపోయారు.

ఇంకొకటి చూడండి. కుగ్లర్, స్కడర్, లాజరస్. ముగ్గురూ పెళ్లి చేసుకోలేదు. మన నెల్లూరు జనం పొద్దున్నే పినాకిని రైలెక్కి చెన్నైలోని అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు పోతారు కదా, దాన్ని అరవై ఏళ్లకు పైగా మోసిన డాక్టర్ శాంత కూడా పెళ్లి చేసుకోలేదు. 1955లో చేరి, 1980లో డైరెక్టరై, 2021 జనవరిలో పోయేదాకా ఆ ఆవరణే ఆమె ఇల్లు. ఆ సంస్థను పెట్టిన ముత్తులక్ష్మి రెడ్డి మాత్రం పెళ్లి చేసుకున్నారు. 1914లో, షరతు పెట్టి మరీ. నన్ను సాటి మనిషిగా చూడాలి, నా పనికి అడ్డం రాకూడదు అని ముందే మాట తీసుకున్నారు. ఆ మాట తీసుకోగలిగిన ఆడవాళ్లు ఆ రోజుల్లో ఎంతమంది ఉంటారు? ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు?

ఆ కుర్చీకి కట్టిన ధర ఇల్లు. మగవాళ్లను ఎవరూ ఆ ధర అడగలేదు. వాళ్లకు ఇల్లు ఉంది, ఇంట్లో వేళకు కంచం పెట్టే మనిషి ఉంది, పిల్లవాడి బడి మీటింగుకు వెళ్లే మనిషి ఉంది. సూపరింటెండెంటు కుర్చీని ఆ మనిషి కొలతకు చేయించారు. మా తరం వాళ్లం ఇల్లూ కావాలి, కుర్చీ కూడా కావాలి అన్నాం. తప్పా?

ఇప్పుడు నా సంగతి చెబుతాను. మెచ్చుకోదగ్గ కథ కాదు.

1989 నవంబరులో కావలి దగ్గర తుపాను తీరం దాటింది. అప్పుడు నేను సముద్రానికి దగ్గరగా ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉన్నాను. కరెంటు సాయంత్రమే పోయింది. రేకులు లేచిపోతున్నాయి. లోపల ఇద్దరు నెలలు నిండినవాళ్లు, వరండాలో చుట్టుపక్కల గుడిసెల జనం. నేనూ, ఒక ఏఎన్ఎం, ఒక ఆయమ్మ. రెండు కాన్పులూ లాంతరు వెలుగులో చేశాం. తెల్లారి చూస్తే ఒక తాడిచెట్టు మా జీపు మీద పడుకుని ఉంది. ఆ రాత్రి అక్కడ ఎవరు పెద్ద అని ఒక్కరూ అడగలేదు. నేను అరిచాను, వాళ్లు విన్నారు. ఆపద వేళ ఆడవాళ్ల పెత్తనానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆపద తీరి, బిల్లులు రాయాల్సిన రోజు వస్తేనే తంటా.

ఆ తర్వాత పదమూడేళ్లకు ఒక చిన్న పట్టణంలోని ఆసుపత్రికి నన్ను సూపరింటెండెంటును చేశారు. ముందు ‘ఇన్‌చార్జి’ అన్నారు. మా శాఖలో ఈ ఇన్‌చార్జి అన్న మాటకు మహిమ ఉంది. పని మొత్తం మీది, పదవి మీది కాదు. రేపు ఎవరైనా రావచ్చు కాబట్టి గుమాస్తా కూడా మీ మాట సగమే వింటాడు. ఆరు నెలలు అలా గడిచాక పూర్తి ఉత్తర్వు వచ్చింది.

ఎం.బి.బి.ఎస్.లో మాకు గుండె చప్పుడు వినడం నేర్పారు, టెండరు చదవడం నేర్పలేదు. జనరేటరుకు డీజిలు, ఆక్సిజన్ సిలిండర్లు, మందుల ఇండెంటు, పారిశుధ్యం కాంట్రాక్టు, రాత్రి పన్నెండింటికి పోస్టుమార్టం ఎందుకు చేయరని ఫోను, పొద్దున ఆరింటికి ఫలానా వాళ్ల బంధువుకు బెడ్డు ఇమ్మని ఫోను. మగ డాక్టర్లు ఈ విద్యను ఎక్కడ నేర్చుకుంటారో తర్వాత తెలిసింది. సాయంత్రం సంఘం ఆఫీసులో, టీ బంకు దగ్గర, పెద్దాయన కారులో. ఆ వేళకు మేం ఇంట్లో పప్పు పొయ్యి మీద పెట్టి పిల్లవాడి లెక్కలు చూస్తూ ఉంటాం. ఊడ్పు కాంట్రాక్టరు బిల్లులో మనుషులకంటే చీపుళ్లు ఎక్కువ ఉన్నాయని నేను ఒకసారి ఆపాను. వారం తిరక్కుండా ఊరంతా ఒక మాట పాకింది, ఆ యమ్మకు లెక్కలు తెలవవంట అని.

ఆసుపత్రి వెనుక సూపరింటెండెంటుకు క్వార్టర్స్ ఉండింది. గోడలు ఉన్నాయి, పైకప్పు ఉంది, కుళాయి తిప్పితే ఉప్పునీళ్లు వచ్చేవి, అవీ రోజు విడిచి రోజు. మా అత్తగారికి అప్పటికి పక్షవాతం. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. మావారు బ్యాంకులో, బదిలీ మీద రాయలసీమలో. ఆ ఇంట్లో వాళ్లను పెట్టుకుని ఎలా ఉండను? నెల్లూరు నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. సూపరింటెండెంటు ఊళ్లో ఉండటం లేదని అర్జీ పడింది. నాకు ముందున్నాయనా ఆ ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. ఆయన మీద అర్జీ లేదు.

అయినా ఆ పద్నాలుగు నెలల్లో రెండు పనులు చేశాను. రాత్రి డ్యూటీ నర్సులు కాసేపు నడుం వాల్చే గదికి లోపల గడియ లేదు, ఏళ్ల తరబడి లేదు. పెట్టించాను. లేబర్ రూమ్ పక్కన ఆడ సిబ్బందికి మరుగుదొడ్డి లేదు, వరండా చివరి దాకా చీకట్లో పోవాలి. కట్టించాను. రెండింటికీ కలిపి అయిన ఖర్చు ఒక చిన్న మంత్రిగారి పర్యటనకు వేసే షామియానా అంత కూడా లేదు. నాకు ముందున్నవాళ్లు చెడ్డవాళ్లని అనను. వాళ్లకు ఆ గదిలో పడుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

2024 ఆగస్టులో కలకత్తాలో ఒక ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయిని చంపిన రోజు నాకు ఆ గడియే గుర్తుకొచ్చింది. గంటల తరబడి పనిచేసి ఆ పిల్ల కాస్త కన్ను మూద్దామని పోయింది సెమినార్ హాలులోకి. సుప్రీంకోర్టు ఒక జాతీయ కార్యదళాన్ని వేసింది, మన హైదరాబాదు డాక్టర్ నాగేశ్వరరెడ్డి కూడా అందులో సభ్యులు. నౌకాదళ వైద్యసేవల పెద్ద ఆర్తి సరీన్ కూడా సభ్యురాలు. అదే ఏడు అక్టోబరులో ఆమె సాయుధ దళాల వైద్యసేవలన్నిటికీ డైరెక్టర్ జనరల్ అయ్యారు, ఆ కుర్చీలో మొదటి మహిళగా. దిల్లీ ఎయిమ్స్ 1956లో మొదలైతే దానికి మొదటి మహిళా డైరెక్టరు, స్నేహ్ భార్గవ, 1984లో వచ్చారు. ఆమె నియామకాన్ని ఖరారు చేసే సమావేశం జరుగుతున్న పూటే ఇందిరాగాంధీని తూటాల దెబ్బలతో ఎయిమ్స్‌కు తెచ్చారు. తనను ఎంపిక చేసిన ప్రధాని అదే రోజు పోయారు. ఇక ఈమె కుర్చీ కూడా పోయినట్టే అని ఎందరు అనుకున్నారో. ఆమె 1990 దాకా ఆ సంస్థను నడిపారు.

నేను నడపలేదు. ఒక సోమవారం నా రాతపని అంతా ముగించి, సూపరింటెండెంటు బాధ్యతల నుంచి తప్పించండి అని కాగితం పెట్టాను. అనారోగ్య కారణాల వల్ల అని రాశాను. నా ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉండింది. మగాయన అలా తప్పుకుంటే ‘విసుగొచ్చి వదిలేశాడు’ అంటారు. నన్ను ‘చేతకాక పోయింది’ అన్నారు. ఆసుపత్రి ఆయమ్మ ఒక్కతే గది దాకా వచ్చి అడిగింది. ‘‘నువ్వు పోతే ఎట్టమ్మా? మళ్లా గడియ ఊడిపోతే ఎవురికి చెప్పుకోవాల మేము?’’

ఇంతవరకూ నా తప్పు లేదనుకోండి. తప్పు తర్వాత చేశాను. నా తర్వాత సీనియారిటీలో ఇంకొక ఆడడాక్టరు ఉండింది. నాకంటే చురుకైన మనిషి, లెక్కల్లో గట్టిది. ఉత్తర్వు రాబోతోందని తెలిసి నా ఇంటికి వచ్చి, ఏమంటారక్కా అని అడిగింది. కాఫీ ఇచ్చి, ‘‘నెత్తికెత్తుకోబాకమ్మా, నీకెందుకీ తలనొప్పి’’ అన్నాను. ఆమె వద్దని రాసిచ్చింది. కుగ్లరమ్మ తన తాళంచెవి అందుకోవడానికి ఇంకొక మనిషిని తయారుచేసి పెట్టుకున్నారని ఇందాక చెప్పాను. నేను తాళంచెవి అందుకోబోతున్న చేతిని వెనక్కి తోశాను. ఆడవాళ్లు నాయకత్వంలో నిలవడం లేదని సభల్లో వాపోయేవాళ్లలో నాలాంటి వాళ్లం కొందరం ఉన్నాం, అది కూడా చెప్పుకోవాలి.

ఈ పదేళ్లలో కొన్ని మంచి ఏర్పాట్లు వచ్చాయి, కాదనను. 2017 చట్టం ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచింది. యాభైమంది లేదా అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి. మన రాష్ట్రంలో ఆడ ఉద్యోగులకు పిల్లల సంరక్షణ సెలవు 2022లో అరవై రోజుల నుంచి నూట ఎనభై రోజులకు పెంచారు. సంతోషం. కానీ సెలవు ఇవ్వడం సులువు, సెలవు ముగించుకుని వచ్చిన మనిషికి అదే కుర్చీ మళ్లీ ఇవ్వడం కష్టం. ఆరు నెలలు పోయి వచ్చేసరికి ఆ కుర్చీలో ఇన్‌చార్జిగా కూర్చున్నాయన కాళ్లు చాపుకుని ఉంటాడు. పని తప్పించి ఆడవాళ్లను కాపాడాలని అందరికీ ఉంది. పని చేసుకోనిచ్చి కాపాడాలని ఎందరికుంది?

నన్నడిగితే సూపరింటెండెంటుకు సంతకం చేసే అధికారం ఉన్న ఒక డిప్యూటీ ఉండాలి. ఒక్క రాత్రి ఇంట్లో పడుకున్నా ఆసుపత్రి ఆగకూడదు. అలా ఉంటే మగవాళ్లకూ మేలే. ఎంతమంది మగ సూపరింటెండెంట్లు ఆ ఫోన్లకు బీపీ మాత్రలు మింగుతూ పనిచేశారో నాకు తెలుసు. కాంట్రాక్టు, ఆడిటు, కొనుగోళ్లు, వీటిని ఉద్యోగంలో చేరిన అయిదో ఏటనే అందరికీ కూర్చోబెట్టి నేర్పాలి. అప్పుడు టీ బంకు దగ్గర నేర్చుకోవాల్సిన పని ఉండదు. భార్యాభర్తలను ఒకే చోట వేసే నియమం కాగితం మీద ఎప్పటి నుంచో ఉంది. దాన్ని కుర్చీలో ఉన్న ఆడవాళ్ల విషయంలోనైనా కచ్చితంగా పాటిస్తే మావారు కడప నుంచి, నేను నెల్లూరు నుంచి ఎస్‌టీడీలో సంసారం చేసేవాళ్లం కాదు.

నర్సుల మాట చెప్పకుండా వదిలితే పాపం. ఆసుపత్రిలో నిచ్చెన మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా ఆడవాళ్లు ఎక్కేది వాళ్లొక్కళ్లే. స్టాఫ్ నర్సు, హెడ్ నర్సు, నర్సింగ్ సూపరింటెండెంటు. వార్డు గురించి వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు. మరి ఆసుపత్రి అభివృద్ధి సంఘం మీటింగులో వాళ్లను ఎక్కడ కూర్చోబెడతారు? గోడ వారగా. టీ ఎవరెవరికి వచ్చిందో చూసే బాధ్యత వాళ్లది. నేను సూపరింటెండెంటుగా ఉండగా కూడా అలాగే జరిగింది, నాకు అప్పుడు తట్టలేదు.

మొన్న సంక్రాంతికి ముందు పులికాట్ వైపు పెళ్లికి పోయాం. తిరుగు దారిలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు కారు ఆపించాను, పాత అలవాటు. ముప్పై ఏళ్లు కూడా నిండని పిల్ల, మెడికల్ ఆఫీసరు. చంకలో పది నెలల బిడ్డ, ఎదురుగా ఓపీ వరస. బిడ్డను ఏఎన్ఎం ఎత్తుకుంటే ఈమె రోగిని చూస్తుంది, ఏఎన్ఎంకు పని పడితే బిడ్డను తను ఎత్తుకుంటుంది. ఇక్కడే ఉంటావా అమ్మా అని అడిగాను. క్వార్టర్స్ ఉందండీ, కానీ నీళ్లు రావు, సూళ్లూరుపేట నుంచి వస్తున్నా అంది. ఇరవై ఏళ్లు దాటిపోయింది. ఉప్పునీళ్లు కూడా రావడం లేదన్నమాట.

ఆ పిల్ల పదిహేనేళ్లకు సూపరింటెండెంటు కావాలి. ఆ పిల్ల అయి, అయిదేళ్లు ఉండి, ఇంకొక పిల్ల చేతిలో తాళంచెవి పెట్టి వెళ్లాలి. అది ఏ విజయవాడలోనో దిల్లీలోనో తేలుతుందని నేను అనుకోవడం లేదు. ఈ మాటలు వింటున్నవాళ్లలో పంచాయతీ సభ్యులుంటారు, ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో పేరున్నవాళ్లుంటారు, రొయ్యల చెరువుల మీద డబ్బు చూసినవాళ్లుంటారు, ఏమీ లేకపోయినా గట్టిగా అడగగలిగినవాళ్లుంటారు. రేపు మీ ఊరి సర్కారు ఆసుపత్రికి వెళ్లండి. మందుల కోసం కాదు. వెనక్కి వెళ్లి, డాక్టరమ్మ క్వార్టర్స్‌లో కుళాయి తిప్పి చూడండి. రాత్రి డ్యూటీ గదికి లోపల గడియ ఉందో లేదో చూడండి. లేకపోతే వచ్చే మీటింగులో అడగండి, గోడ వారగా కూర్చున్న హెడ్ నర్సమ్మను బల్ల దగ్గరికి పిలిచి మరీ అడగండి.